పదకొండు చుట్ల అన్నం

జూన్ 3, మంగళవారం

పాలు రెండు లీటర్లు. గ్యాస్ మార్చి నేటికి పంతొమ్మిది రోజులు. ఉతుకు ఒక విడత.

అమ్మాయి నా పాటను ఇంటర్నెట్‌లో పెట్టింది.

పాట అనడం ఎక్కువే. మాటలుండవు. పంపు కింద బకెట్ నిండుతున్నప్పుడు నోట్లోంచి వచ్చే కూనిరాగం. పెళ్ళయిన రెండో ఏడు మొదలైంది. ఇరవై మూడేళ్ళు. మా వంటింట్లో గడియారం లేదు, అవసరం పడలేదు. ఒక చుట్టు పాడితే బకెట్ నిండుతుంది. ఐదు చుట్లకు గుడ్లు ఉడుకుతాయి. పదకొండు చుట్లకు అన్నం అవుతుంది. ఆయన షాపుల్లో కాటాలు బాగుచేస్తారు, తూకం రాళ్ళు పెట్టి సరిచూస్తారు. దేన్నయినా కొలిచేదాకా ఆయనకు తోచదు. ఒకసారి వాచీ పట్టుకుని నా వెనక నిలబడ్డారు. చుట్టుకు నూట అయిదు సెకన్లు, మూడుసార్లు చూసినా అంతే. కాటాకు వేసినట్టు నీ గొంతుకు సీలు వేసెయ్యొచ్చు, ఏడాదికోసారి తనిఖీ చాలు అన్నారు.

పాటలో నాలుగు భాగాలున్నాయి. గుమ్మం, ముందుగది, వంటిల్లు, వెనక మెట్లు. పేర్లు నేను పెట్టుకున్నవే, ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోకి వచ్చి, ఇల్లంతా దాటి, వెనక దిగి, చుట్టూ తిరిగి మళ్ళీ గుమ్మం దగ్గరికి రావడం. గుమ్మం చిన్నది, మిగతావి పెద్దవి.

అమ్మాయి తలుపు చాటునుంచి తీసిందట. నా వీపు, సొట్టల బకెట్టు, పదిహేను సెకన్లు. అడక్కుండా ఎందుకు తీశావే అంటే, అడిగితే జడ సర్దుకుని కట్టెలా బిగుసుకుపోతావు కదమ్మా అంది.

అదీ నిజమే.

జూన్ 5, గురువారం

నాలుగు వేల మంది చూశారట. నా వీపునా?

జూన్ 8, ఆదివారం. మధ్యాహ్నం 3

లక్ష దాటిందని అమ్మాయి ఇల్లంతా గెంతింది. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్ల, ఐదేళ్ళ దానిలా.

మరిది వచ్చాడు. ఆయన తమ్ముడు. పిల్లలకు కీబోర్డ్ నేర్పుతాడు, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకు వాయించేవాడు. పదిహేడు మంది పిల్లలుండేవారు, ఇప్పుడు ఐదుగురు. మిగతావాళ్ళు వీడియోలు చూసి నేర్చుకుంటున్నారట. పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా బదులు పెన్‌డ్రైవ్ వస్తోందట. దానికి భోజనం కూడా పెట్టక్కర్లేదు వదినా అన్నాడు.

పదిహేనేళ్ళుగా ట్యూన్లు కడుతున్నా, అరవై రెండు పెట్టా, అన్నిటికన్నా బాగా ఆడినదానికి నలభై ఒక్క వ్యూస్, అందులో ముప్ఫై నావే, నువ్వు వీపు చూపించి లక్ష కొట్టావు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. టీ మాత్రం కప్పులో అలాగే ఉండిపోయింది.

తర్వాత వాడూ అమ్మాయీ వాదులాటకు దిగారు. ఇంటర్నెట్ సంగీతాన్ని నమిలి ఊసేస్తోందని వాడు. వినేవాడు మూడు సెకన్లు ఆగడు, వేలితో పైకి తోసేస్తాడు, అందుకని కట్టేవాడు కూడా ఆ మూడు సెకన్లే కడుతున్నాడు, మిగతాది అట్టపెట్టెలో గడ్డి కూరినట్టు కూరడమే అన్నాడు. అది లేకపోతే నీ పాట ఆ నలభై ఒక్క మందీ వినేవాళ్ళు కాదు బాబాయ్ అని అమ్మాయి. పదకొండు మందే తల్లీ, ముప్ఫై నేనే అని చెప్పాగా అన్నాడు.

తీర్పు చెప్పమని ఆయన్ని అడిగారు. కాటా పళ్ళాలు రెండూ ఊగుతున్నాయి, ఆగనివ్వండి, అప్పుడు చూద్దాం అని పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్నో తెలియదు. లక్ష అన్న మాట మాత్రం రోజంతా చెప్పులో రాయిలా తిరిగింది. గుచ్చుకుంది అనలేను. బాగుంది అనీ అనలేను.

జూన్ 10, మంగళవారం

జనం నా పాటను తమ వీడియోలకు పెట్టుకుంటున్నారు. ఒక పిల్లి నా పాటకు మెట్లు దిగింది. ఒక మగాయన నా పాటకు టై కట్టుకున్నాడు. ఎవరిదో పసిబిడ్డ నా పాటకు తుమ్మింది. కూరగాయల కొట్టు దగ్గర ఒక పిల్ల ఫోన్లోంచి నా గొంతు వినబడితే, పిలిచారనుకుని వెనక్కి తిరిగాను.

అమ్మాయి తీసింది గుమ్మం వరకే, అందుకని అందరిదీ గుమ్మమే. పదిహేను సెకన్లు కాగానే మళ్ళీ గుమ్మమే.

జూన్ 11, బుధవారం

పాపం ఆవిడకు మంచి బకెట్ కూడా లేదా అని కామెంట్లు పెట్టారట. అమ్మాయికి పరువు పోయింది. సాయంత్రానికి నీలం ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. పాత ఇనప బకెట్ మెట్ల కింద పడుంటే, కింద వాటాలో ఉండే పెయింటర్ రంగులు కలుపుకోడానికి అడిగాడు. ఇచ్చేశాను. ఇరవై మూడేళ్ళ సామాను పోతే ఈ లెక్కల పుస్తకంలో ఏమని రాయాలి? ఇచ్చినది, ఒకటి. అంతే రాశాను.

జూన్ 13, శుక్రవారం

22వ తేదీ ఆదివారం ఫుల్ వెర్షన్ అని అమ్మాయి ప్రకటించేసింది. నాకు చెప్పింది తర్వాత.

జూన్ 15, ఆదివారం

ఉదయం 6.40. చుట్టు పూర్తయింది, పంపు కట్టాను, బకెట్ ఎత్తబోతే చెయ్యి తేలిగ్గా లేచొచ్చింది. అడుగున నీళ్ళు. పంపు సన్నగా వస్తోందేమో అనుకున్నాను. చూశాను, మామూలుగానే వస్తోంది. మళ్ళీ పాడాను. మళ్ళీ అంతే.

మధ్యాహ్నం 1.10. వేళ్ళు మడిచి మరీ పదకొండు చుట్లు లెక్కపెట్టి దించాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమల్లేక, ఊయలేక, నావైపు చూశారు. ఇది అన్నం కాదే, బియ్యానికి స్నానం చేయించావు అన్నారు. అమ్మాయి పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం 2.30. లెక్క వేశాను. నూట అయిదులో పదిహేను ఏడో వంతు. బకెట్లో నీళ్ళూ ఏడో వంతే. పదకొండు పదిహేనులు నూట అరవై అయిదు, అంటే మూడు నిమిషాలు కూడా కాదు. నేను గుమ్మంలోనే పదకొండు సార్లు తిరిగాను. ఇంట్లోకి వెళ్ళలేదు.

ఇప్పుడు కూర్చుని ముందుగది మొదలుపెడదామని చూశాను.

రాలేదు.

జూన్ 16, సోమవారం

రాలేదు. గుమ్మం చివరి మెలిక దగ్గరికి రాగానే గొంతు దానంతటదే వెనక్కి తిరుగుతోంది. గానుగెద్దులా.

జూన్ 17, మంగళవారం

పోయిన వస్తువును వెతికే పద్ధతి ఒకటుంది. ఆఖరున ఎవరు చూశారో వాళ్ళను అడగాలి. అడిగాను.

అమ్మాయికి ముందుగది సగం వరకు వచ్చు. ఆ తర్వాత రాదు. ఎందుకే అంటే, చిన్నప్పటినుంచీ అక్కడికి వచ్చేసరికి నా స్కూల్ బస్సు హారన్ కొట్టేది కదమ్మా, పరిగెత్తేదాన్ని అంది. పాడి చూపించింది. అది పాడిన సగంలో కూడా సగం నాది కాదు, హడావిడి.

ఆయనకు చివరి భాగం, అదే వెనక మెట్లు, తెలుసట. పాడమంటే బుగ్గలు ఊది గుడగుడమన్నారు. నువ్వు అక్కడికి వచ్చేసరికి నేను తల మీద నీళ్ళు పోసుకుంటుంటా, చెవుల్లో నీళ్ళతో విన్నది అలాగే ఉంటుంది మరి అన్నారు.

వంటిల్లు ఎవరూ వినలేదు. ఇరవై మూడేళ్ళలో ఒక్కరూ. వాచీ పట్టుకున్న రోజు కూడా ఆయన ధ్యాస ముల్లు మీదే.

నేనెప్పుడూ రాసిపెట్టుకోలేదు. పాత పేపర్లు ఎన్ని కిలోలు అమ్మానో రాసిపెట్టుకున్నాను. రాయాలన్నా స్వరాలు తెలియవు. ఈ ఇంట్లో ప్రతి పనీ ఎవరో ఒకరి కోసం చేశాను, అడిగారని చేశాను. ఎవరూ అడక్కుండా నేను చేసుకున్నది ఇదొక్కటే. అది పోతే నా దగ్గర ఏముంది? ఉంది, చాలా ఉంది. ఇలాంటి లెక్కల పుస్తకాలు పద్నాలుగు.

జూన్ 18, బుధవారం

అమ్మాయి ఫోన్లో టైమర్ పెట్టి ఇచ్చింది. పంతొమ్మిది నిమిషాల పదిహేను సెకన్లు. మోగింది. అన్నం బాగా అయింది. పొయ్యి ముందు అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డాను, డాక్టర్ గది బయట నిలబడ్డట్టు.

జూన్ 20, శుక్రవారం. సాయంత్రం

మరిది కీబోర్డ్ సంచీలో పెట్టుకుని వచ్చాడు. అమ్మాయి చెప్పిందట. రెండు రోజులు కూర్చుని మిగతా మూడు భాగాలూ తనే కట్టాడు. వాయించాడు.

బాగుంది. అబద్ధం ఎందుకు రాయాలి? ఎక్కడా తొట్రుపాటు లేదు, ఎక్కాల్సిన చోట ఎక్కింది, దిగాల్సిన చోట దిగింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయన వాచీ చూసి నూట నాలుగు అన్నారు, ఒక్క సెకనే తేడా అని మెచ్చుకున్నారు.

నాకు మాత్రం నా ఇంట్లోకి నడిచి వెళ్తే అద్దెకు తెచ్చిన కుర్చీలు వరసగా వేసి ఉన్నట్టు అనిపించింది.

జూన్ 21, శనివారం

ఉదయం బకెట్ కింద పెట్టగానే మరిది ట్యూన్ వచ్చింది. ముందుగది ఉండాల్సిన చోట అది కూర్చుంది. పంపు కట్టేసి, బకెట్ సగంలో వదిలేసి, బయటికి వెళ్ళి వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఎందుకు వెళ్ళావని ఆయన అడిగితే కొత్తిమీరకు అన్నాను. చేతిలో కొత్తిమీర లేదు.

జూన్ 22, ఆదివారం

మాట అనేశాను. ఇది నాది కాదు, ఇది పెట్టడానికి వీల్లేదు అన్నాను. మరిది ముఖం చిన్నబోయింది. లక్ష మంది వినేదానికి వదిన పేరు, ఇంట్లోవాళ్ళు కూడా వినని దానికి నా పేరు, అంతేగా అన్నాడు. ఇంటర్నెట్ సంగీతాన్ని చంపేస్తోందన్నవాడివి నీకెందుకురా దాని మీద అంత మోజు అని ఆయన అన్నారు. ఆకలేసినవాడు హోటల్ని తిడతాడు అన్నయ్యా, తిట్టి అందులోకే వెళ్తాడు అన్నాడు.

అమ్మాయి ఏడ్చింది. అమ్మా, ఇన్నేళ్ళు నువ్వు పాడుతుంటే విన్నది నేనూ నాన్నే, అది మాత్రం అన్యాయం కాదా, అందుకే పెట్టాను అంది. అది దొంగ కాదు. ప్రేమతోనే చేసింది. ప్రేమతో చేసినవాటికి రిపేరు కష్టం.

చివరికి ఒక మాటకు వచ్చాం. మరిది తనది తన పేరుతోనే పెట్టుకున్నాడు. బకెట్ పాటకు నా కొనసాగింపు అని.

సాయంత్రం 6. అమ్మాయి కళ్ళు తుడుచుకుని ఇంకో వీడియో చూపించింది. ఎవరో ఒకావిడ, ఏ దేశమో, ముఖం లేదు. సింకు, సబ్బు నురగ, మోచేతుల దాకా తడి చేతులు. గిన్నెలు కడుగుతూ నా గుమ్మం పాడుతోంది. పదిహేను సెకన్లు అయ్యాయి. వెనక్కి తిరగలేదు. ముందుకే వెళ్ళింది. నేనైతే దిగే చోట ఆవిడ పైకెక్కి, ఒక గిన్నె బోర్లించి, అక్కడే కాసేపు నిలబడి, మెల్లగా వచ్చింది.

నా గుమ్మంలోంచి చెప్పులు కూడా విప్పకుండా నడిచి వెళ్ళిపోయినట్టుంది. కోపం వచ్చింది. రెండోసారి పెట్టమన్నాను. మూడోసారి కూడా.

జూన్ 25, బుధవారం

ఆయన సాయంత్రం కాటా ఒకటి ముందేసుకుని కూర్చున్నారు. స్క్రూలు విప్పి, బిగించి, విప్పి, చివరికి పక్కన పెట్టేశారు. ఏమైందంటే, రాళ్ళు షాపులో మర్చిపోయి వచ్చా, రాయి లేకుండా కాటా ఎంత తిప్పినా అది నిజం చెప్పదు అన్నారు. తర్వాత నావైపు చూసి, నువ్వూ ఊరికే గొంతు తిప్పుతున్నావే, నీ రాయి ఏది అన్నారు.

ఆయన తమాషాకే అన్నారు. నేను చేతిలో గిన్నె దించి, నీలం బకెట్‌ను పంపు కింద పెట్టాను.

ఇనప బకెట్ నిండుతుంటే చప్పుడు మారుతూ వస్తుంది. మొదట గట్టిగా, డొల్లగా. సగానికి వచ్చేసరికి సన్నబడుతుంది. అంచు దగ్గర సన్నగా పైకి లేస్తుంది. నేను పాడిందంతా దాని వెంటే. అది ముందు నడిచేది, నేను వెనక నడిచేదాన్ని. నీలం బకెట్ ఏమీ అనదు. తడి గుడ్డ మీద నీళ్ళు పోసినట్టు.

జూన్ 26, గురువారం

కిందికి వెళ్ళి పెయింటర్‌ను అడిగాను. ఇచ్చింది వెనక్కి అడగడం నా జన్మలో ఇదే మొదలు. దానికేముందక్కా, తీసుకెళ్ళండి, కానీ అది ఇప్పుడు బకెట్ కాదు, మూడు ఇళ్ళ గోడలు అన్నాడు. లోపల తెలుపు, దాని మీద పసుపు, దాని మీద ఆకుపచ్చ, గట్టిపడి పోయాయి. బదులుగా నీలం బకెట్ ఇచ్చాను. కొత్తది ఇచ్చి పాతది తీసుకెళ్ళేవాళ్ళను మిమ్మల్నే చూశానక్కా అన్నాడు.

పంపు కింద పెట్టాను. ధప్ ధప్ మంది. గొంతు పట్టేసిన మనిషిలా.

జూన్ 28, శనివారం

మూడో మధ్యాహ్నం. పాత చాకు, వేడినీళ్ళు, పెయింటర్ ఇచ్చిన టర్పెంటైన్. ఆకుపచ్చ పోయింది. పసుపు పెచ్చులుగా పోయింది. తెలుపు మాత్రం సగానికి కాస్త పైన పట్టీలా పట్టుకుని వదలడం లేదు. రెండు గోళ్ళు విరిగాయి.

అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. అమ్మా, నంబర్లు పడిపోయాయి, ఇప్పుడందరూ అద్దం చూసి భయపడే కుక్క వెంట పడ్డారు, ఫుల్ వెర్షన్ ఏదని ఎవరూ అడగట్లేదు అంది. నన్ను ఓదార్చుతోందో, తనను తనే ఓదార్చుకుంటోందో. తర్వాత ఇంకో చాకు తెచ్చుకుంది. ఫోన్ తీయలేదు. గీకడం నాకంటే బాగా గీకుతుంది.

జూన్ 29, ఆదివారం. ఉదయం 7

నీళ్ళు పట్టాను. పాడలేదు, నోరు మూసుకుని విన్నాను. నాలుగో బకెట్‌కు ముందుగది వచ్చింది. పూర్తిగా. అమ్మాయి బస్సు హారన్ ఎక్కడ పడేదో కూడా తెలిసింది, అక్కడొక చిన్న ఖాళీ ఉంది. నేనే వదిలానన్నమాట, దానికి టాటా చెప్పడానికి.

ఏడో బకెట్‌కు వంటిల్లు వచ్చింది. మొత్తం కాదు. నీళ్ళు ఆ తెలుపు పట్టీ దాకా వచ్చేసరికి చప్పుడు చచ్చిపోతోంది, అక్కడ నాకూ ఏమీ రాలేదు. రాని చోట ఊరుకున్నాను. వెనక మెట్లు తొమ్మిదో బకెట్‌కు వాటంతటవే వచ్చాయి.

ఇంట్లో నీళ్ళు పట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. గ్లాసులు కూడా నింపాను. నీళ్ళ బిల్లు చూసి ఆయన ఏమంటారో.

జూలై 2, బుధవారం

మరిది వచ్చాడు. పది రోజుల తర్వాత. వాడి కొనసాగింపును రెండు వందల పన్నెండు మంది చూశారట. నావి ఆరే వదినా, ఒట్టు అన్నాడు. అది నేర్పమని ఒక పిల్ల వాళ్ళమ్మను తీసుకుని వచ్చిందట. ఐదుగురు ఆరుగురయ్యారు. ఇంటర్నెట్ పుణ్యమే బాబాయ్ అని అమ్మాయి అంటే, తీసుకున్న పన్నెండు మందిలో ఒకరిని తిరిగిచ్చింది, పుణ్యం కాదు వాయిదా అన్నాడు.

నేను నీళ్ళు పడుతుంటే ముందుగదిలో కూర్చుని విన్నాడు. తర్వాత వంటింటి గడప దాకా వచ్చి, నాది సరిగ్గా ఉంది వదినా, నీది సరిగ్గా లేదు, ఆ మూడో భాగంలో ఒకచోట గొయ్యి ఉంది, కానీ నేనైతే ఆ గొయ్యి పూడ్చేవాణ్ణి, పూడిస్తే చెడిపోయేది అన్నాడు. ఈసారి టీ మొత్తం తాగాడు.

ఆ గిన్నెలావిడ వీడియో ఇంకోసారి చూపించమని అమ్మాయిని అడిగాను. గంట వెతికింది. దొరకలేదు. పేరు గుర్తులేదట, ఏదో పేజీలో ఎవరో పంపారట, పైకి తోసేశాక అది ఎటు పోతుందో ఎవరికీ తెలియదట. లక్షల మంది చూసే చోట ఒక మనిషి దొరకదు.

టైమర్ తీసేయమన్నాను.

జూలై 6, ఆదివారం

అన్నం తొమ్మిది చుట్లకే అయింది. మూత తీసి మెతుకు నొక్కి చూశాను. సరిగ్గా ఉడికింది.

ఆయన వాచీ పెట్టారు. చుట్టుకు నూట ఇరవై ఎనిమిది సెకన్లు.

వెనక మెట్లు దిగాక ఇప్పుడింకో గది ఉంది. మా ఇంట్లో ఆ గది లేదు. అందులో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.